కుడికంటికి కాపలా

చలి ఇంకా వదల్లేదు. మీరు పెరట్లో తొట్టి దగ్గర నిలబడి పళ్లు తోముకుని నీళ్లు పుక్కిట పట్టారు. నీళ్లు నోట్లో నిలవడం లేదు. కుడివైపు పెదవి మూల నుంచి సన్నగా కారి, గడ్డం మీదుగా జాకెట్టు తడిపేశాయి. నిద్రమత్తేమోనని మళ్లీ పట్టారు. మళ్లీ అంతే. సబ్బు రుద్దుకుని మొహం కడుక్కుంటుంటే కుడికన్ను భగ్గుమంది. గట్టిగా మూశాననే అనుకున్నారు. రెప్ప సగంలోనే ఆగిపోయింది, నురగ నేరుగా కంట్లోకే దిగింది.

2025 జనవరి 20, సోమవారం. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగకి ఆఖరి రోజు. స్టేషన్ వైపు నుంచి చెన్నై లోకల్ కూత వినిపించింది. రోజూ వినే కూతే, ఇవాళ ఎందుకో కుడిచెవిలో గుచ్చుకుంది. నిన్న సాయంత్రం నుంచి ఆ చెవి వెనక ఎముక దగ్గర ఒకటే పోటు. పండగలో మైకుల హోరు వల్లేమోననుకుని ఊరుకున్నారు.

అత్త ఇచ్చిన కాఫీ రెండు గుక్కలు తాగేసరికి రాగి బిళ్ల నాకినట్టు వెగటు. గ్లాసు అంచు దగ్గర పెదవి ఆనక కాఫీ బొట్లు బొట్లుగా కారుతోంది. అప్పుడు చూసింది అత్త మీ మొహంలోకి.

"ఏందే అమ్మే, మూతి అట్టా పోయిందేంది? ఇట్టా తిరుగు, ఎలుతుర్లోకి."

ముందు గదిలో నిలువుటద్దం ఉంది. జాకెట్లు కుట్టించుకున్న ఆడవాళ్లు వేసి చూసుకునే అద్దం. మీరు దాని ముందుకెళ్లారు. ఎడమ సగం మీదే. కుడి సగంలో నుదుటి మీద గీత లేదు, బుగ్గ జారిపోయింది, కన్ను మామూలు కంటే పెద్దదిగా తెరుచుకుని ఉంది. నవ్వడానికి ప్రయత్నిస్తే ఎడమ మూల ఒక్కటే చెంప మీదికి లాక్కుపోయింది. కన్ను మూస్తే నల్లగుడ్డు పైకి తిరిగి తెల్లగుడ్డు కనపడుతోంది. చూడలేక మొహం తిప్పేసుకున్నారు.

శ్రీహరికోట షార్ బస్సు కోసం చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మీ ఆయన అక్కడే ఆగిపోయాడు. ఈ ఇంట్లో ఇదివరకు ఒక పక్షవాతాన్ని చూశారు. మామగారు మంచం మీద గడిపిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. "మేయ్, చెయ్యి ఎత్తు. కాలు కదిలించు," అంటున్నాడు గానీ గొంతులో తడి లేదు.

రెండిళ్ల అవతల ఉండే ఏఎన్ఎం అక్కని పిల్చుకొచ్చారు. ఆమె కుర్చీ లాక్కుని మీకు ఎదురుగా కూర్చుంది.

"కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకి చాపమ్మా. అట్నే పెట్టు."

రెండూ నిలబడ్డాయి. ఏ చెయ్యీ కిందికి జారలేదు.

"నీ పేరు, ఊరు, ఇవాళ ఏ వారమో చెప్పు."

చెప్పారు. పెదవి దగ్గర గాలి పోయి అక్షరాలు కాస్త జావగారాయి గానీ మాట తడబడలేదు.

"ఇప్పుడు నుదురు ముడెయ్యి. కనుబొమలు పైకెత్తు."

ఎడమ కనుబొమ లేచింది. కుడిది లేవలేదు. ఏఎన్ఎం అక్క మొహంలో బిగువు కొంచెం సడలింది. మీకు మాత్రం అది ఇంకా పెద్ద దెబ్బలా తోచింది. నుదురు కూడా పోయిందా అని.

నుదుటి కండరాలకి మెదడు రెండు సగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. అందుకే మెదడులో ఒక పక్క రక్తం ఆగి పక్షవాతం వస్తే మూతి వంకరపోయినా మామూలుగా నుదురు ముడతపడుతుంది. నుదురు, కన్ను, పెదవి మూడూ ఒకే పక్క ఆగిపోయాయంటే, చిక్కు మెదడులో కాకుండా మొహానికి వచ్చే ఏడో కపాల నరంలో ఉండే అవకాశం ఎక్కువ. 1821లో ఈ నరం తీరు వివరించిన స్కాట్లాండ్ వైద్యుడు చార్లెస్ బెల్ పేరు మీద దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. ఆ నరం చెవి వెనక ఎముకలో సుమారు 3 సెంటీమీటర్ల సన్నని సొరంగం గుండా వస్తుంది. అందులో ఒకచోట వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నరం వాచిందంటే, ఉబ్బడానికి చోటు లేక ఎముకకి ఒత్తుకుని నలుగుతుంది. పెదవి మీద జ్వరం పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ ఒంట్లోనే దాగి ఉండి మళ్లీ లేవడం వల్ల వాపు వస్తుందని ఎక్కువమంది వైద్యుల అనుమానం. షుగర్ ఉన్నవాళ్లలో, నెలలు నిండుతున్న గర్భిణుల్లో ఇది ఎక్కువ. ఏటా లక్షమందిలో 20 నుంచి 30 మందికి వస్తుంది.

ఇంట్లో చేసే పరీక్ష ధైర్యానికే, నిర్ధారణకి కాదు. ఇది గట్టిగా చెప్పాలి. చెయ్యి జారినా, మాట తడబడినా, నడక తూలినా, నుదురు సంగతి చూస్తూ కూర్చోకూడదు, 108కి ఫోన్ చేయాలి. మెదడులో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఈ లక్షణాలేవీ లేకపోయినా ఆ రోజే డాక్టరు చూడాలి.

అత్త ఆలోచన వేరు. "గాలి సోకిందే తల్లీ. రాత్రి ఆ మంచులో కూసోవద్దంటే విన్నారా? పలమనేరు దాటినాక ఒక ఊరుంది, పచ్చవాతానికి పసరు పోస్తారు. మీ మామని తీసకపోయినాం గదా. పొద్దన్నే పరగడుపున పోవాల. రేపు కారు మాట్లాడదాం." పక్కింటావిడ పావురం నెత్తురు రుద్దితే నరం వేడెక్కి సర్దుకుంటుందని చెప్పింది. ఎవరూ చెడు కోరి చెప్పడం లేదు. కానీ రేపు కారు, ఎల్లుండి పసరు, ఆ పై పథ్యం అంటే మూడు రోజులు పోతాయి. పోకూడనివి సరిగ్గా ఆ మూడు రోజులే. స్టీరాయిడ్ మాత్రలు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. స్కాట్లాండ్‌లో 551 మంది మీద జరిపి 2007లో ప్రచురించిన పరిశోధనలో ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ 25 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, పది రోజులు ఇచ్చారు. తొమ్మిది నెలలకి ఆ మందు వాడినవాళ్లలో 94 శాతం మందికి మొహం పూర్తిగా బాగైంది. వాడనివాళ్లలో 82 శాతం మందికి. ఏ మందూ వాడకపోయినా ఎక్కువమందికి తగ్గుతుంది కాబట్టే పసరుకి ఇంత పేరు. పదిమందిలో ఏడెనిమిది మందికి దానంతటదే తగ్గేదాన్ని పసరు తన ఖాతాలో వేసుకుంటుంది. మిగతా ఇద్దరు ముగ్గురి ఊసు ఆ ఊరిదాకా తిరిగి చేరదు.

"పసరుకి వద్దనడం లేదత్తా," అంది ఏఎన్ఎం అక్క. "ముందు ఆస్పత్రికి పోనీ. తరవాత నీ ఇష్టం."

ప్రభుత్వాసుపత్రిలో పని గంటలో తేలింది. డాక్టరు చేతులు, కాళ్లు, నాలుక, కళ్లు చూశాడు. టార్చి వేసి చెవి లోపలా, వెనకా వెతికాడు. అక్కడ నీటిపొక్కులుంటే కథ వేరే. ఆటలమ్మ తెచ్చే వైరసే నరాన్ని పట్టిందన్న మాట. 2022 జూన్‌లో పాటగాడు జస్టిన్ బీబర్ సగం మొహం కదలక వీడియో పెట్టింది దాని గురించే. దానికి వైరస్ మందులు కూడా కావాలి. మీకు పొక్కులు లేవు. బీపీ బాగుంది, షుగర్ కాస్త ఎక్కువగా ఉంది. "మాత్రలు వాడినన్నాళ్లు ఇంకా పెరుగుద్ది, రెండు రోజులకోసారి చూపించుకోండి. తిన్నాకే వేసుకోవాల. మధ్యలో మానొద్దు," అని రాసిచ్చాడు. మీరు చీటీ మడిచి లేవబోతుంటే మళ్లీ కూర్చోబెట్టాడు. "అమ్మా, మూతి కంటే ముందు కన్ను చూసుకో. మూతి నెమ్మదిగా వస్తుంది. కన్ను ఎండి పుండు పడితే చూపు పోతుంది."

ఆ రాత్రి నుంచి ఇంట్లో అందరికీ ఒకే పని. కుడికంటికి కాపలా.

పగలు గంటకో రెండు గంటలకో కన్నీటి చుక్కలు. కుట్టుమిషను మీద సీసా పెట్టుకున్నారు. రెప్ప కొట్టుకోనప్పుడు కన్ను ఎంత త్వరగా ఎండిపోతుందో ఆ వారంలో తెలిసింది. ఫ్యాను గాలి తగిలితే చాలు, ఇసుక పడ్డట్టు గరగర. ఇంట్లో కూడా కళ్లజోడు తియ్యలేదు. మీ ఆయన బైకు మీద బజారుకి తీసుకెళ్తానంటే పులికాట్ సరస్సు గాలికి జడిసి వద్దన్నారు. అత్త చెంగాళమ్మకి మొక్కుకుని కుంకుమ తెచ్చింది. నుదుటిన పెట్టబోతుంటే మీ అమ్మాయి చెయ్యి పట్టుకుంది: "జేజీ, పొడి కంట్లో రాలుద్ది. మెడ మీద పెట్టు." అత్త ఒక్క క్షణం ఆలోచించి మెడ మీదే పెట్టింది.

పడుకునే ముందు పని ఇంకా ఓపికతో చేయాలి. మీ అమ్మాయి చేతులు సబ్బుతో కడుక్కుని వస్తుంది. మీరు తల వెనక్కి వాలుస్తారు. కింది రెప్పని వేలితో కొంచెం లాగి, బియ్యపు గింజంత కంటి ఆయింట్‌మెంట్ సన్నగా గీతలా వేస్తుంది. చూపు మసకబారుతుంది. తర్వాత పై రెప్పని వేలి కొసతో నెమ్మదిగా కిందికి దించి, అది పూర్తిగా మూసుకుందని చూసుకుని, కాగితపు ప్లాస్టరు ముక్కని రెప్ప మీంచి చెంప వైపు ఏటవాలుగా అంటిస్తుంది. మొదటి రాత్రి కన్ను మీద దూది పెట్టి పైన ప్లాస్టరు వేశారు. అర్ధరాత్రి దూది కింద రెప్ప తెరుచుకుంది. దూది కంటికి రాసుకుని పొద్దుటికి ఎర్రబడింది. రెప్ప మూసుకుందని నమ్మకం లేకుండా దూది పెడితే ఎండడం కంటే ఎక్కువ హాని. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మందగించడం, వీటిలో ఏది కనపడినా మరునాటి దాకా ఆగకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీరు అదే రోజు వెళ్లారు. పుండు పడలేదు.

తిండి సంగతి తేలికే, చికాకు తప్ప. నమిలే దవడ కండరాలకి వేరే నరం, ఐదోది. కాబట్టి నమలడానికి బలం ఉంది. లేనిదల్లా ముద్దని పంటి కిందికి నెట్టే బుగ్గకి. సంక్రాంతికి చేసిన అరిసె ఒకటి నోట్లో వేసుకుంటే పాకం కుడిబుగ్గకీ చిగురుకీ మధ్య అతుక్కుపోయింది. నాలుకతో తీయబోతే రాదు, వేలు పెట్టి తీయాలి. ఎడమ పక్కే నమలడం, చిన్న ముద్దలు, తిన్నాక బుగ్గ లోపల వేలితో తుడిచి పుక్కిలించడం అలవాటైంది. పుక్కిలించేటప్పుడు కుడి పెదవి మూలని బొటనవేలు, చూపుడువేలుతో నొక్కిపట్టుకుంటే నీళ్లు నిలుస్తాయి. చేపల పులుసు మాత్రం ముళ్ల భయంతో కొన్నాళ్లు మానేశారు. నాలుక ముందుభాగంలో కుడివైపు రుచి కూడా ఆ నరం పంపేదే కాబట్టి, పులుసు తిన్నా అంత రుచించేది కాదనుకోండి.

అసలు కష్టం ఫోన్లతో. జనవరి 30న మాఘమాసం మొదలు, ఇక ముహూర్తాలు. పెళ్లి జాకెట్లన్నీ మీ మిషను పక్కనే గుట్టగా ఉన్నాయి. ఫోనెత్తి "బ్లౌజు" అనాలంటే పెదవులు కలవాలి. ప, బ, మ ఏదీ సరిగ్గా పడడం లేదు. "పెళ్లి ఎప్పుడమ్మా" అంటే అవతలివాళ్లు "ఏందక్కా?" అంటారు. ఒక వేలు పెదవి మూల మీద పెట్టి మాట్లాడడం నేర్చుకున్నారు. కొందరు కొలతలివ్వడానికి ఇంటికొచ్చి మీ మొహం చూసి కొలతల కాగితం సంచిలో వేసుకుని వెళ్లిపోయారు. అంటుకుంటుందేమోనని ఒకామె అడిగేసింది కూడా. అంటుకోదు. ముఖానికి మాస్కు వేసుకుని కూర్చుంటే సరిపోయేది, కరోనా నాటివి ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి. రెండు రోజులు వేసుకున్నారు కూడా. మాస్కులో ఊపిరి పైకి వచ్చి తెరుచుకున్న కంటికే కొడుతుంటే తీసేశారు.

నన్నడిగితే ఈ జబ్బులో మందు లేని భాగం ఇదే. కాలు విరిగితే పలకరిస్తారు. మొహం పోతే ఇంకెక్కడో చూస్తూ మాట్లాడతారు. అనుపమ్ ఖేర్‌కి 'హమ్ ఆప్కే హై కౌన్' షూటింగ్ నాటికి ఇలాగే మొహం ఒక పక్క ఆగిపోయింది. ఆయన కెమెరా ముందు పని ఆపలేదు. అంత ధైర్యం అందరికీ రావాలని ఎవరినీ అడగలేం. ఇంట్లోవాళ్లు మాత్రం కళ్లలోకి చూసి మాట్లాడొచ్చు, అద్దాలు దాచెయ్యకుండా ఉండొచ్చు. మీ ఆయన ఆ నిలువుటద్దం మీద దుప్పటి కప్పబోయాడు, ప్రేమకొద్దీ. "తియ్యి దాన్ని. జాకెట్లు ఎట్టా చూసుకుంటారు?" అన్నారు మీరు. కప్పలేదు.

జనవరి 29 తెల్లవారుజాము. సరిగ్గా 6:23కి శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్15 లేస్తుంది. అక్కడి నుంచి వందో ప్రయోగం. ఊరంతా మేడల మీదే. మీరూ ఎక్కారు, కళ్లజోడు పెట్టుకుని, తలకి శాలువా చుట్టుకుని. ఇంకా సూర్యుడు రాలేదు. తూర్పున చెట్ల మీదుగా నారింజ వెలుగు లేచింది, మేడల మీద చప్పట్లు. చప్పుడు మాత్రం వెంటనే రాదు. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు గాలిలో ప్రయాణం చేయాలి. నిమిషం దాటాక వచ్చింది. ఎడమ చెవికి అది ఎప్పుడూ ఎరిగిన ఉరుమే. కుడిచెవిలో మాత్రం ఎముకని పట్టి కుదిపింది. రెండు చేతులతో చెవి మూసుకుని కూర్చుండిపోయారు. చెవిలోపల ఒంట్లోకెల్లా చిన్న ఎముక ఒకటుంది, దాన్ని పట్టి ఉంచే కండరం కూడా ఒంట్లోకెల్లా చిన్నదే. పెద్ద చప్పుడు వచ్చినప్పుడు అది బిగుసుకుని దెబ్బ తగ్గిస్తుంది. దానికీ ఈ నరమే ఆధారం. తొలిరోజు లోకల్ కూత అంత గట్టిగా గుచ్చింది అందుకే. మీ అమ్మాయి తన శాలువా కూడా తీసి మీ చెవి మీద కట్టింది. చప్పుడు పోయాక తలెత్తి చూస్తే ఆకాశంలో తెల్లటి పొగ మెలికలు తిరుగుతోంది.

మాత్రల కోర్సు ఆ రోజుతో అయిపోయింది. మొహంలో మార్పు లేదు. ఇక్కడే చాలామంది డాక్టరుని వదిలేసి కరెంటు పెట్టేవాళ్ల దగ్గరికి పరుగెడతారు. మొహానికి కరెంటు పెట్టించడం వల్ల మేలని గట్టి ఆధారం లేదు. "బెలూన్లు ఊదు, రోజుకి యాభై" అని మరొకరు. అదీ వద్దు. కదలని కండరాన్ని బలవంతాన కదపబోతే ఎడమ సగమే ఇంకా ఇంకా లాక్కుంటుంది. ఫిజియోథెరపిస్ట్ చూపించింది చాలా చిన్న పని. గోరువెచ్చని తడిగుడ్డ చెంపకి కాసేపు పెట్టుకుని, వేళ్లతో గడ్డం నుంచి చెవి వైపు మెల్లగా రాయడం. అద్దం ముందు కూర్చుని కుడిచెంపకి వేలు ఆసరా ఇచ్చి, కొంచెం నవ్వు, కొంచెం "ఊ", కొంచెం ముక్కు చిట్లింపు. చాలా కొంచెం. రోజుకి రెండుమూడు సార్లు, అలసిపోకముందే ఆపేయడం.

కోపెన్‌హాగెన్‌లో పైటర్సన్ అనే వైద్యుడు ఏ మందూ ఇవ్వకుండా 25 ఏళ్లపాటు 1,701 మందిని గమనించాడు. అందులో 85 శాతం మందికి మూడు వారాల లోపే ఎంతోకొంత కదలిక వచ్చింది. మీకు ఫిబ్రవరి రెండో వారంలో వచ్చింది. చూసింది మీరు కాదు, అత్త. కూరగాయలు తరుగుతూ, "ఆ మూల అదిరింది. మళ్లీ అను ఆ మాట," అంది. మీరు అన్న మాట "పప్పు". ఆ పూట అత్త మీ చేత దాన్ని ఎన్నిసార్లు అనిపించిందో. తర్వాత కన్ను మూసుకోవడం మొదలైంది, మొదట సగం, పైగా నిద్రలో మాత్రమే. ప్లాస్టరు మానేయమని డాక్టరు చెప్పేదాకా మీ అమ్మాయి మానలేదు. మూడు నెలలకి కూడా బొత్తిగా కదలిక రాకపోతే ఇక బెల్స్ పాల్సీ అనుకుని ఊరుకోకూడదు. నరాన్ని వేరే ఏదైనా నొక్కుతోందేమో స్కానింగ్ చేసి చూడాలి.

ఎండాకాలం వచ్చేసరికి మొహం దాదాపు మీదే. ఒకటి మిగిలింది. సూదిలోకి దారం ఎక్కించడానికి కొస పెదవుల మధ్య తడిపినప్పుడల్లా కుడికన్ను దానంతటదే చిన్నదవుతుంది. దెబ్బతిన్న నరం పోగులు రోజుకి మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతూ, పెదవికి వెళ్లాల్సినవి కొన్ని కంటికి వెళ్లాయి. ఇది కొందరికి నిలిచిపోతుంది. అద్దంలో చూసుకుంటూ, కన్ను వదులుగా తెరిచి ఉంచి పెదవిని నిదానంగా కదపడం సాధన చేస్తే తగ్గుతుందన్నారు. చేస్తున్నారు. కస్టమర్లెవరూ దాన్ని గమనించలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం తడ నుంచి ఫోన్. మాఘంలో మీరు పెళ్లి జాకెట్టు కుట్టిన అమ్మాయి. వాళ్ల నాన్నకి పొద్దున టీ తాగుతుంటే మూతి వంకరపోయిందట, ఏడుస్తోంది.

"ఏడవబాకమ్మా, ముందు ఇది చెప్పు. చేతులు రెండూ ఎత్తుతున్నాడా? మాట సరిగ్గా వస్తోందా? నుదురు ముడెయ్యమను, నువ్వు చూసి చెప్పు. సరే. షుగర్ ఉందా నాన్నకి? అయితే ఆ సంగతి డాక్టరుకి మొదటే చెప్పండి. పొద్దన్నించేగా? అయితే ఇప్పుడే బయల్దేరండి, సాయంత్రం దాకా ఆగొద్దు. పసరు తర్వాత చూసుకోవచ్చు. కంటికి చుక్కలు రాయకపోతే నువ్వే అడుగు. ఇంట్లో కళ్లజోడు ఉందా? బైకు మీద పోతే పెట్టుకోమను."